తుడిచేసిన స్పార్క్ ప్లగ్

2001 వేసవి. కాశీబుగ్గలో చేపల మార్కెట్‌కు వెళ్లే సందు మొదట్లో నాకో రేకుల షెడ్డు ఉండేది. టెక్కలిలో ఒక మేస్త్రి దగ్గర పని నేర్చుకుని వచ్చి, అప్పటికి తొమ్మిదేళ్లుగా అక్కడే సొంతంగా పని చేసుకుంటున్నాను. నా గిరాకీలో ముప్పాతిక వంతు మోపెడ్లే. ఈ కాలం పిల్లలకు మోపెడ్ అంటే ఏమిటో చెప్పాలి. సైకిల్‌కు ఉన్నట్టే పెడళ్లు ఉంటాయి, నడుమ యాభై సీసీల చిన్న టూ-స్ట్రోక్ ఇంజన్ ఉంటుంది. తొక్కితే స్టార్ట్ అవుతుంది. ఇంజన్ మొరాయిస్తే తొక్కుకుంటూనే ఇల్లు చేరొచ్చు. అక్కుపల్లి వైపు నుంచి చేపలు తెచ్చేవాళ్లు దాని వెనక రెండు తట్టలు, ముందు ఒక ఐసు పెట్టె కట్టి తోలేవారు. ఆ బండిని తయారుచేసినవాళ్లు ఆ బరువు చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవారు.

టూ-స్ట్రోక్ ఇంజన్‌కు విడిగా ఇంజన్ ఆయిల్ ఉండదు. పెట్రోల్లోనే కలిపి పోయాలి. మా దగ్గర లీటరుకు నలభై మిల్లీలీటర్లు లెక్క. ఆయిల్ తక్కువైతే పిస్టన్ వేడెక్కి ఉబ్బిపోయి, సిలిండర్‌ను పట్టేస్తుంది. దీన్నే సీజ్ అంటాం. ఇంజన్ సీజ్ అయిందంటే ఆయిల్ తక్కువైందని అర్థం అని మా వీధిలో టీ కొట్టువాడు కూడా చెప్పగలడు. నేను టీ కొట్టువాడికంటే ఎక్కువ తెలిసినవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే ఈ కథ రాయడానికి సిగ్గుగా ఉంది.

లోకనాథం అక్కుపల్లి నుంచి చేపలు తెచ్చేవాడు. నాకు చుట్టం కాదు గాని, బావా అని పిలిచేవాడు. ఒక ఉదయం బండి నా షెడ్డు ముందు ఆపి నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"బావా, బండి లాగటం లేదు. ఇసకలో దిగి తోస్తన్నాను. నాను మార్కెట్‌కి వచ్చేసరికి బేరాలు అయిపోతన్నాయి. ఐసు కరిగిపోనాక నా సేపలెవులు కొంతారు, సెప్పు?"

"రెండ్రోజులు బండి నాకొగ్గీ. తరవాత నీకంటే ముందు ఎవుడొస్తాడో సూద్దాం" అన్నాను.

అలాంటి పనంటే నాకు మహా సరదా. సిలిండర్ విప్పి, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టును గుండ్రటి ఆకురాయితో కొంచెం పెద్దది చేశాను. సిలిండర్ పైమూత, అదే హెడ్, దాని అడుగును లేత్‌లో కొద్దిగా చెక్కించి కంప్రెషన్ పెంచాను. సైలెన్సర్ లోపలి అడ్డురేకులు కోసేశాను. ఎయిర్ ఫిల్టర్‌లో ఇసుక పట్టిన స్పాంజీ తీసి పారేశాను. వెనక చక్రానికి చైను పట్టే పళ్ల చక్రం, స్ప్రాకెట్, పెద్దది వేశాను. అన్నీ అయ్యాక కార్బురేటర్‌లో మెయిన్ జెట్ మార్చాలి. మెయిన్ జెట్ అంటే పెట్రోలు ఎంత పోవాలో నిర్ణయించే సన్న బెజ్జం ఉన్న ఇత్తడి మేకు. ఇంజన్‌కు గాలి ఎక్కువగా అందేలా చేశాక పెట్రోలు కూడా పెంచకపోతే మిశ్రమం పలచబడి ఇంజన్ మరీ వేడెక్కి పట్టేస్తుంది. ఆ సైజు జెట్ పక్కనే ఉన్న పలాసలో దొరకలేదు. బరంపురం వెళ్లినప్పుడు తెద్దాంలే అని పాత జెట్టే బిగించేశాను.

బండి దూసుకుపోయింది. లోకనాథం మూడు వారాలపాటు మార్కెట్‌కు అందరికంటే ముందు వచ్చాడు. రోజూ షెడ్డు ముందు హారన్ కొట్టి మరీ వెళ్లేవాడు. అక్కుపల్లి వాళ్లు మరో నలుగురు తమ బండ్లు కూడా అలాగే చెయ్యమని వచ్చారు. నేను కాలరెగరేసుకుని తిరిగాను. బరంపురం మాత్రం వెళ్లలేదు.

నాలుగో వారంలో లోకనాథం బండిని ఒక ట్రాక్టర్ మీద వేసుకొచ్చాడు. మోచెయ్యి చెక్కుకుపోయి ఉంది.

"పట్టీసింది బావా. జీడితోటలు దాటినకాడ టక్కుమని ఆగిపోనాది. ఎనక చక్రం ఈడ్సుకుపోయి పడిపోనాను. సేపలన్నీ రోడ్డు మీద బడ్డాయి."

షెడ్డులో అప్పటికే అక్కుపల్లి వాళ్లు అయిదారుగురున్నారు. తమ బండ్లు కూడా నా చేతిలోనే ఉన్నాయి కాబట్టి అందరూ మెడలు చాచి చూస్తున్నారు. నేను అలవాటు కొద్దీ ముందు స్పార్క్ ప్లగ్ విప్పి, గరుకు కాగితంతో రుద్ది పక్కన పెట్టాను. తర్వాత సిలిండర్ లాగాను. పిస్టన్ మీద గీతలు ఎగ్జాస్ట్ వైపే ఉన్నాయి. ఆయిల్ లేక పట్టేస్తే చుట్టూ గీతలుండాలి. అది నాకు తెలుసు. కానీ అందరూ నా నోటి వంకే చూస్తుంటే ఆలోచించడానికి నాకు ఓపిక లేకపోయింది.

"పెట్రోలు ఎక్కడ పోయిస్తన్నావు?"

"ఊర్లోనే బావా. రూతమ్మత్త కాడ."

రూతమ్మ ఊళ్లో తన అరుగు మీద సీసా పెట్రోలు అమ్మేది. బంకు నుంచి డబ్బాలో తెప్పించుకుని, ఆయిల్ తనే కలిపి పెట్టేది. ఇసుక దారిన బంకు దాకా రాలేని బండ్లన్నీ ఆమె మీదే ఆధారపడేవి.

"ఇంకేటి మరి! ఆయిల్ తక్కువ, కిరసనాయిలు ఎక్కువ. ఆ సీసా పెట్రోలు పోస్తే ఏ ఇంజనైనా పట్టీస్తాది" అనేశాను.

మేస్త్రి చెప్పాడు, అంతే. నాలుగు రోజుల్లో ఆ ఊళ్లో ఒక్క బండి కూడా ఆమె అరుగు ముందు ఆగకుండా పోయింది.

తర్వాతి వారం రూతమ్మ బస్సెక్కి నా షెడ్డుకు వచ్చింది. యాభై ఏళ్లు ఉంటాయి, సన్నటి మనిషి. సంచిలోంచి ఒక సీసా, దగ్గు మందు సీసాతో వచ్చే గీతల ప్లాస్టిక్ మూత ఒకటి తీసి నా ముందు పెట్టింది.

"బాబూ, నాను కిరసనాయిలు కలిపీసినాననీసి సెప్పినారంట. ఇది నా పెట్రోలు. ఇది ఆయిలు కొలిసే మూత. మీరే ఓపాలి సూడండి."

చూడడం ఎంతసేపు? అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుంటే చాలు. పెట్రోలు ఎగిరిపోతుంది, ఆయిల్ జిడ్డు మిగులుతుంది. కిరసనాయిలు ఉంటే వాసన, తడి చాలాసేపు పోవు. కానీ అక్కడ గిరాకీ వాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. నేను చెప్పింది తప్పయితే వాళ్ల ముందు తేలిపోతుంది.

"నాను నీ పేరెత్తలేదమ్మా. ఇంజన్ ఎలాగుందో సెప్పినాను, అంతే" అన్నాను.

"మా ఇంటాయనకి కిడ్నీలు పోయి మంచం మీదున్నారు బాబూ. ఆయన్ని ఒగ్గీసి నాను పనికెల్లలేను. ఇల్లు కదలకండా ఈ సీసాలే మమ్మల్ని బతికిస్తన్నాయి. మీరొక్క మాట సెప్తే ఊరోళ్లు ఇంటారు."

"సరేలే అమ్మా, సీసా అక్కడెట్టు. పనిలో ఉన్నాను, తరవాత సూస్తాను."

ఆమె సీసా, మూత బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం ఇంకెవరిదో కార్బురేటర్ కడగడానికి చేతికందిన సీసా అదే. మొత్తం వంపేసి కడిగాను. చేతికి కిరసనాయిలు వాసన వచ్చిందా లేదా అని చూసుకోవాలని కూడా నాకు తోచలేదు.

లోకనాథం బండికి సిలిండర్ లోపలి గీతలు పోయేలా బోర్ చేయించి, కొత్త పిస్టన్ వేసి ఇచ్చాను. జెట్ మళ్లీ పాతదే. ఇప్పుడతను కాశీబుగ్గ బంకులోనే పెట్రోలు పోయించి, సీలున్న ప్యాకెట్ ఆయిల్ నా కళ్ల ముందే కలిపేవాడు. నెల తిరక్కుండానే బండి మళ్లీ ట్రాక్టర్ మీద వచ్చింది. ఈసారి లోకనాథానికి దెబ్బలేమీ తగల్లేదు. నవ్వుతూనే అడిగాడు.

"ఈపాలి ఎవుల్ని తిట్టమంటావు బావా?"

ప్లగ్ విప్పాను గాని, గరుకు కాగితం ముట్టుకోలేదు. ప్లగ్ కొన చూసి ఇంజన్ లోపలి సంగతి చెప్పొచ్చు. టీ రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. నల్లగా జిడ్డుగా ఉంటే పెట్రోలు ఎక్కువ. నా చేతిలోని ప్లగ్ సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. గాలి ఎక్కువై, పెట్రోలు చాలక ఇంజన్ మండిపోయింది. మొదటిసారి కూడా అలాగే ఉండి ఉంటుంది. దాన్ని నా చేత్తో నేనే రుద్దేశాను.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి బరంపురం వెళ్లి జెట్లు తెచ్చాను. లోకనాథం బండికి, అలాగే చేయించుకున్న మిగతా నాలుగు బండ్లకూ మార్చాను. ఆ బండి తర్వాత ఆరేళ్లు తిరిగింది, మళ్లీ ఎప్పుడూ పట్టేయలేదు. కానీ ఆ రోజు లోకనాథానికి ఏం చెప్పానో తెలుసా? కార్బురేటర్‌లో ఇసుక పడిందని. అంత చిన్న అబద్ధం అంత తేలిగ్గా నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చలికాలంలో పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ గుమస్తా మోపెడ్ ఆగిపోతే చూడడానికి వెళ్లాను. ఆ ఫ్యాక్టరీ షెడ్డులో వరుసగా కూర్చుని జీడిపిక్కలు కొడుతున్న ఆడవాళ్ల మధ్య రూతమ్మ కనిపించింది. పిక్క పై తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆమె వేళ్లు నల్లబడి, అక్కడక్కడా పొట్టు లేచి ఉన్నాయి. నన్ను చూసి నమస్కారం పెట్టింది. అదే నాకు చెంపదెబ్బ.

పక్కకు పిలిచి, వాళ్లాయన ఎలా ఉన్నారని అడిగాను.

"జలంత్రకోటలో మా సెల్లి కాడ ఒగ్గినాను బాబూ. నాను ఇక్కడికొచ్చీస్తే ఇంటికాడ మంచినీలిచ్చేవోలు లేరు. ఆదివారం సర్సి అయిపోనాక ఎల్లి సూసొస్తన్నాను."

అప్పుడు మొత్తం చెప్పేశాను. జెట్ సంగతి, ప్లగ్ సంగతి, ఆమె తెచ్చిన సీసాతో నేను చేసిన పని కూడా. నీ పెట్రోలులో ఏ తప్పూ లేదమ్మా, తప్పంతా నాదే అన్నాను. ఆమె తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. నూనె అంటకుండా చేతులకు రాసుకున్న బూడిద దులుపుకుంటూ మామూలుగానే అంది:

"నా పెట్రోలు మంచిదని నాకు తెలీదేటి బాబూ? నాకు సెప్పడమేల? తెలీనోలకి సెప్పండి."

వచ్చే ఆదివారం తప్పకుండా వెళ్తానన్నాను. రెండు ఆదివారాలు ఏదో ఒక వంకతో దాటేశాను. మూడో ఆదివారం వెళ్లాను. అక్కుపల్లి ఒడ్డున పడవల దగ్గర లోకనాథం, ఆ రోజు నా షెడ్డులో ఉన్న మిగతావాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. అందరూ వినేలా చెప్పాను. రూతమ్మ పెట్రోలులో కల్తీ లేదని, నేను జెట్ మార్చకపోవడం వల్లే ఇంజన్ పట్టేసిందని, ఆ మాట అన్నందుకు సిగ్గుపడుతున్నానని చెప్పాను. జేబులోంచి పాత జెట్టు, కొత్త జెట్టు తీసి చూపించాను. వాళ్లు రెండింటినీ చేతులు మార్చుకుంటూ చూసి, తలలూపి తిరిగిచ్చేశారు.

లోకనాథం లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు మంచోడివి బావా. ఆయమ్మ కట్టం సూడలేక తప్పు నీ మీదేసుకుంతన్నావు. ఎవులు సేస్తారు ఈ రోజుల్లో?"

ఒట్టు వేశాను. అమ్మ మీద ఒట్టు వేశాను. నేను గట్టిగా చెప్పే కొద్దీ వాళ్ల కళ్లలో నా మీద గౌరవం పెరిగింది. ఒకాయన నాకు రెండు కానాగంత చేపలు ఆకులో చుట్టి ఇచ్చాడు. రూతమ్మ అరుగు ముందు ఆ తర్వాత కూడా ఎవరూ బండి ఆపలేదు. అబద్ధం ఒక్కసారి చెబితే నమ్మినవాళ్లు నిజం పదిసార్లు చెప్పినా నమ్మలేదు. రెండుసార్లూ మాట నాదే. మరుసటి ఏడాది వానాకాలంలో ఆమె భర్త జలంత్రకోటలో పోయాడని తెలిసింది. అది మంగళవారం, ఆమె ఫ్యాక్టరీలో ఉందట.

నేను ఇంకో పన్నెండేళ్లు మోపెడ్లు బాగుచేశాను. ప్లగ్ చూడకుండా తుడవలేదు. నలుగురి ముందు ఇంజన్ తెరిచినప్పుడు కారణం ఆ పూటే చెప్పడం మానేశాను. పట్టేసిన ఇంజన్ ఎవరు తెచ్చినా, పెట్రోలు ఎక్కడ పోయించావని అడగడానికి ముందు, దీన్ని ఇంతకు ముందు ఎవరు విప్పారని అడిగేవాణ్ణి. చాలాసార్లు, నువ్వే కదా అనేవారు.