జవాబివ్వని కంప్యూటర్లు

వేలిముద్రల ఆఫీసులో అతన్ని అందరూ ముక్కలాయన అంటారు. పని కనిపిస్తే చాలు, దాన్ని ముక్కలు చేసి పదిమందికీ పంచేదాకా అతని చెయ్యి ఊరుకోదు. ఇంట్లో ఉల్లిపాయలు తరగమంటే అత్తగారితో సహా అందరి చేతుల్లో తలా ఓ కత్తి పెట్టి, "కానివ్వండి, అందరం ఒకేసారి ఏడిచేస్తే ఓ పనైపోతుంది" అంటాడు. భార్య తల కొట్టుకుంటుంది. వంట మాత్రం చిటికెలో అయిపోతుంది.

ఆఫీసులోనూ అదే పిచ్చి. ఒక ముద్ర ఎవరిదో తేల్చాలంటే లక్షల ముద్రలతో పోల్చాలి. ఉన్న ఒక్క పెద్ద మెషీనూ దానికి రోజంతా మూలుగుతుంది. బిల్డింగు నిండా కంప్యూటర్లు ఊరికే పడున్నాయి కదా, తలా కొన్ని ముద్రలు పంచితే పోలా అని అతనో ప్రోగ్రాం రాశాడు.

"కౌంటర్లో ఉన్న ఆ డొక్కుది కూడా వెతుకుతుందా?" అని తోటివాళ్లు నవ్వారు.

"దానికి డొక్కు ముక్క వేస్తా, మీకేం!" అన్నాడు. అయినా ఎవరూ దాన్ని వాడనివ్వలేదు.

ఓ రోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసింది. రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలి ఒకావిడ స్పృహ లేకుండా వచ్చింది. వెంట ఎవరూ లేరు. "ఇదివరకు ఏదో ఆపరేషనైన మచ్చ ఉంది. పడని మత్తుమందు ఇచ్చామంటే ప్రాణం మీదికొస్తుంది. పేరు తెలిస్తే పాత రికార్డు చూస్తాను. బొటనవేలి ముద్ర పంపుతున్నా, తొందరగా!"

పెద్దసారు ముక్కలాయన వైపు చూశాడు. "ఊఁ, కానీవయ్యా నీ పంపకాలు."

ముక్కలు బయల్దేరాయి. తెరమీద ఒక్కో కంప్యూటర్ నుంచీ జవాబు వస్తోంది. లేదు. లేదు. లేదు. జనం అతని కుర్చీ వెనక మూగారు. చివరికి ప్రోగ్రాం మొత్తం కలిపి తేల్చింది: ఎక్కడా లేదు.

ఆ మాటే ఫోన్లో చెప్పాడు. "అయితే మామూలు మత్తే ఇస్తాం. ఇంక ఆగలేం" అంది డాక్టరమ్మ.

మొహం వేలాడేసుకుని మంచినీళ్లకని లేచాడు. పక్క హాలు చీకటి. అక్కడ స్టూలు మీద అతని బామ్మర్ది, ఆ బిల్డింగు ఎలక్ట్రీషియన్, తాపీగా కాళ్లూపుతున్నాడు.

"ఏంట్రా ఈ చీకటి?"

"ఈ హాల్లోవాళ్లంతా భోజనాలకెళ్లారు కదా బావా. రోజూలాగే హాలు మెయిన్ దించేశా. కంప్యూటర్లు గుర్రుమంటుంటే ఎవరో మతిమరుపు మొహాలు ఆపకుండా పోయారనుకున్నా."

ముక్కలాయనకి అప్పుడర్థమైంది. జవాబే రాకపోతే ఏం చెయ్యాలో తన ప్రోగ్రాంలో అతను రాయలేదు. నోరు మెదపనివన్నీ "లేదు" కిందే జమైపోయాయి. తప్పు బామ్మర్దిది కాదు, ముమ్మాటికీ తనదే.

"ఎత్తరా మెయిన్!" అని అరుస్తూ ఫోన్ అందుకున్నాడు. "డాక్టరుగారూ, మత్తివ్వకండి! హాలు మొత్తం వెతకనే లేదు!"

"ఎంతసేపు పడుతుంది?"

"మీరు చేతులు కడుక్కునేలోపు!" అనేశాడు. అంత ధైర్యం ఎక్కణ్నుంచి ఊడిపడిందో అతనికే తెలీదు.

హాల్లోవి లేచేదాకా ఆగితే కొంప మునుగుతుంది. వాటి వాటాని ఇంకా సన్నగా కోసి, మేలుకునున్న వాటన్నిటి మీదికీ విసిరాడు. పెద్దసారు కంప్యూటర్‌కీ ఓ ముక్క, కౌంటర్లో డొక్కుదానికీ ఓ ముక్క. "రావే తల్లీ, రావే" అని గొణుగుతున్నది పెద్దసారే.

ఉంది!

పెద్దసారు కుర్చీ తన్నేసి మరీ ఎగిరాడు. ముక్కలాయన ఫోన్లో ఆవిడ పేరు చెబుతుంటే అవతల రికార్డు తెరుచుకుంది. డాక్టరమ్మ గబగబా చదివింది. "మామూలు మత్తుకే పోయినసారి ఊపిరాగబోయిందట. సిరంజిలో ఎక్కించి రెడీగా పెట్టుకున్నది అదే. మారుస్తున్నాం." ఫోన్ కట్టయింది.

ఆ తర్వాత ఆఫీసులో ఎవడూ పని చేస్తే ఒట్టు. అందరి కళ్లూ ఫోన్ మీదే. సాయంత్రం అది మోగగానే ముక్కలాయన స్పీకర్ నొక్కాడు.

"కళ్లు తెరిచింది" అంది డాక్టరమ్మ. "బొటనవేలు నొప్పిట. అంత గట్టిగా నొక్కిందెవరని నర్సుల్ని కడిగేస్తోంది."

"తిట్టనివ్వండి డాక్టరుగారూ!" అని అరిచాడు ముక్కలాయన. "మా వంతు కూడా తిట్టనివ్వండి!"