ముందే చెప్పిన సాక్ష్యం

గుడివాడలో మూతపడిన ఒక రైసు మిల్లు గోడౌనులో ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచి, చుట్టూ వల కట్టి, ఇండోర్ ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. యజమాని ముదినేపల్లి వైపు చేపల చెరువులున్న ఆసామి. నేనప్పుడు అవనిగడ్డలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారిని. గోల్‌కీపర్‌గా జీతమిస్తాను రమ్మన్నాడాయన.

"ఎన్నాళ్ళని పిల్లలకి లెఫ్టూ రైటూ చెప్పుకుంటారు మాస్టారూ? వచ్చెయ్యండి, కాంట్రాక్టు రాసుకుందాం."

మేలు పొందినవారు ఆదివారం చర్చి ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం మా సంఘంలో ఆనవాయితీ. నాకింకా కాంట్రాక్టు చేతికి రాలేదు. వచ్చాక చెబుతానన్నాను. సంఘ పెద్ద ఒప్పుకోలేదు.

"చూశాక నమ్మడానికి విశ్వాసమెందుకు తమ్ముడూ? ముందే చెప్పు. దేవుడు నెరవేరుస్తాడు."

చెప్పాను. ఫుట్‌బాల్ కాంట్రాక్టు ఇచ్చి దేవుడు నన్ను పైకెత్తాడన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. అంతమంది ముందు అన్నాక పాత ఉద్యోగం పట్టుకుని వేలాడితే ఆ మాట అబద్ధమైపోతుంది. మర్నాడే స్కూల్లో రాజీనామా ఇచ్చాను.

మొదట్లో గోడౌను నిండేది. గడ్డి కింద పాత ఊక దుమ్ము ఇంకా ఉండేది. బంతి కోసం పక్కకు దూకినప్పుడల్లా నోట్లోకి వచ్చేది. బందరు నుంచి వచ్చిన కుర్రాళ్ళు నన్ను పాస్టరు బావ అని పిలిచేవాళ్ళు.

"ప్రార్థన మన గోలుకే చేస్తున్నావేంటి బావా? అవతల గోలుకి కూడా కాస్త చెయ్యి, మాకు ఒక్క గోలూ పడట్లేదు."

నిజంగానే చేశాను. వేసవి వచ్చేసరికి రేకుల కింద కూర్చోలేక జనం తగ్గారు. బయటి జట్లు రావడం మానేశాయి. మాలో మేమే రెండు జట్లుగా ఆడుకున్నాం. సాయంత్రాలు బాక్స్ క్రికెట్ వాళ్ళకిచ్చి, మమ్మల్ని మిట్టమధ్యాహ్నం ఆడమన్నారు. కాంట్రాక్టు రేపు, మాపు అంటూనే ఉన్నారు. ఒకరోజు వెళ్ళేసరికి గడ్డి చుట్టేసి ఉంది. లోపలికి చేపల మేత బస్తాలు దింపుతున్నారు.

"మరి జట్టండీ?" అన్నాను, దగ్గరుండి దింపిస్తున్న యజమానితో.

"జట్టంటే మీరే కదా మాస్టారూ. నేనేమన్నా ఎత్తుకుపోయానా? ఎక్కడైనా ఆడుకోండి."

స్కూల్లో నా చోట వేరే ఆయన వచ్చేశాడు.

దేవుణ్ణి నేను అనుమానించలేదు, అప్పుడూ ఇప్పుడూ. కానీ సంఘం ముందు నా నోటితో అన్న మాట తప్పయింది. దాన్ని అక్కడే సరిచేసుకోవాలనుకున్నాను. అలా చెయ్యకుండా బల్లారాధనలో ప్రభువు జ్ఞాపకార్థం ఇచ్చే రొట్టె అందుకోవడానికి చెయ్యి రాలేదు. సాక్ష్యానికి సమయమివ్వమని పెద్దగారిని అడిగాను.

"ఏం మేలు జరిగింది?"

"జరగలేదండీ. అదే చెబుతాను."

"అట్టాంటివి సాక్ష్యంలో చెప్పకూడదు తమ్ముడూ. నీ నమ్మకంలో లోటుంటే సంఘమేం చేస్తది? కొత్తగా వచ్చినోళ్ళు వింటే బెదిరిపోతారు."

నన్ను ముందే చెప్పమన్నది తనేనన్న సంగతి ఆయన ముఖంలో ఎక్కడా కనిపించలేదు.

అయినా ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. "ప్రియులారా, నేను మీ ముందు ఒక మాట చెప్పాను..." అనేలోపే పెద్దగారు కళ్ళు మూసుకుని కీర్తన ఎత్తుకున్నారు. తబలా అందుకుంది. స్త్రీల వైపు నుంచి చప్పట్లు మొదలయ్యాయి. స్తుతి కీర్తన మధ్యలో కూర్చోవడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటు లేదు. నిలబడి నేనూ పాడాను.