నా చెవిలో వేయించుకున్న చుక్కలు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మే నెలలో, నన్ను తెనాలి నుంచి బాపట్లలోని ఒక ఆసుపత్రికి హెడ్‌నర్సుగా బదిలీ చేశారు. చెవి, ముక్కు, గొంతు విభాగం నాకు అప్పగించారు. డాక్టరు చూసి చీటీ రాస్తారు. చుక్కలు వేయడం మా పని. ఎండలకు మందులు పాడవుతాయని, చేరిన రోజే చెవి చుక్కల సీసాలన్నీ ఫ్రిజ్‌లో పెట్టించాను.

ఆ వారమే సూర్యలంక నుంచి చేపలమ్మే మార్తమ్మ వచ్చింది. గులిమి గట్టిపడి ఒక చెవి మూసుకుపోయింది. మూడు రోజులు చుక్కలు వేసి మెత్తబరచి, ఆపైన కడగాలి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోవలసింది ఆమే. శ్రుతి తప్పుతోందని బెంగ. మొదటి రోజు చుక్కలు పడగానే మంచం పట్టుకుని కేకపెట్టింది. మర్నాడు వద్దంది.

"మందు మెదడుకెక్కి గది తిరిగిపోయిందండి సిస్టరమ్మా. మా వదిన ముందే చెప్పింది. వెల్లుల్లి నూనె పోసుకుంటాలెండి."

మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు చించుకున్నదాన్ని, ఊరుకుంటానా? కర్ణభేరి గోడలా అడ్డుంటుందని, చెవి ఎప్పుడూ కారలేదని డాక్టరు అడిగి తెలుసుకున్నాకే చుక్కలు రాశారని, బొమ్మ గీసి ఉపన్యసించాను. ఓపిగ్గా వింది.

"అంత ధైర్యముంటే మీ చెవిలో వేయించుకోండి."

బెంచీ మీది వాళ్లంతా నవ్వారు. రుజువడిగితే చూపాలన్నది నా సిద్ధాంతం. కొత్త సీసా తీయించి పక్కకు తిరిగి పడుకున్నాను. జూనియర్ నర్సు చుక్కలు వేసింది. గోడమీది క్యాలెండరు గిర్రున తిరిగింది.

"ఏంటి సిస్టరమ్మా, మెదడుకెక్కిందా?"

లేవలేకపోయినా నాకు నవ్వాగలేదు. ముట్టుకుంటే సీసా మంచుముక్కలా ఉంది. చల్లటి చుక్కలు పడితే తల తిరుగుతుందని చదువుకునే రోజుల్లో పరీక్షలో రాశాను. ఫ్రిజ్‌లో పెట్టొద్దని సీసా మీదే అచ్చయి ఉంది. పంచాంగం చదివేవాళ్లను ఎగతాళి చేసిన నేను ఆ రెండు ముక్కలు చదవలేదు.

మార్తమ్మ సీసాను అరచేతుల మధ్య పట్టుకుని చలి వదిలించాను. చెవిని పైకీ వెనక్కీ లాగి (పసిపిల్లలకైతే కిందికీ వెనక్కీ), సీసా మూతి తగలకుండా, చుక్కలు చెవి లోపలి గోడ వెంట జారేలా వదిలాను. చెవి ముందున్న చిన్న మిట్టను మెల్లగా నొక్కి, ఐదు నిమిషాలు కదలొద్దన్నాను.

"ఇదేదో నిన్ననే చెయ్యొచ్చుగా!" అంది.

శనివారం చెవి కడిగాక బయటి బస్సు హారనుకు ఉలిక్కిపడి, పడీపడీ నవ్వి, కుర్చీలోనే పాట ఎత్తుకుంది. నేను నాస్తికురాలిని. శ్రుతి మాత్రం తప్పలేదని ఒప్పుకున్నాను.

పదవీ విరమణ తర్వాత రేపల్లెలో కొత్త నర్సులకు పాఠాలు చెప్పినప్పుడు మొదట ఇదే నేర్పాను. రోగి చెప్పే కారణం తప్పు కావచ్చు. తల తిరిగిందన్న మాట నిజం. వాదించే ముందు సీసా ముట్టుకుని చూడాలి.