పళ్ళెం కింద ముక్కల మూట

పలాసలో జీడి బట్టీ పక్కన ఇల్లు కట్టుకున్నవాడు తెల్లచొక్కా మీద ఆశ వదులుకోవాలి. డ్రమ్ములో జీడిపిక్కలు కాల్చినంతసేపూ జిడ్డు పొగ వీధంతా కమ్మేసేది. లోపల పప్పు ఒలిచే ఆడవాళ్ళు పొద్దస్తమానం ఆ పొగలోనే కూర్చునేవారు.

నేనప్పుడు టెక్కలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. పరిశ్రమవాళ్ళూ పరిశోధకులూ కలిసి పని చేస్తే సర్కారు గ్రాంటు ఇస్తుందని నోటీసు బోర్డులో ఒక కాగితం చూశాను. పిక్కల్ని కాల్చకుండా ఆవిరితో ఉడికించే యంత్రం చేద్దామని బుద్ధి పుట్టింది. అయితే దరఖాస్తు మీద పరిశ్రమ తరఫున ఒకరు సంతకం పెట్టాలి. నాలుగు బట్టీలవాళ్ళు మజ్జిగ ఇచ్చి మర్యాదగా పంపేశారు. ఐదో యజమాని వజ్రపుకొత్తూరు వైపు సొంత జీడితోటలున్న మనిషి.

"సర్కారోలు ఊరికే ఇత్తారేటి మాస్టారూ? రేపొచ్చి నా బట్టీకి తాళం ఏసీరు గదా?" అన్నాడాయన.

మూడు వారాలు తిప్పి, చివరికి ఒక షరతు మీద సంతకం పెట్టాడు. డ్రమ్ములో కాల్చినప్పటికంటే గుండు పప్పు ఎక్కువ రావాలి, రాకపోతే యంత్రం తీసుకుపోవాలి. గుండు అంటే ఎక్కడా విరగని పప్పు. బజారులో గౌరవమంతా దానికే.

ఏడాది గడిచింది. యంత్రం రెండుసార్లు కారింది, ఒకసారి నా చెయ్యి కాల్చింది, మొత్తానికి దారిలో పడింది. రెండో ఏడాదికి గ్రాంటు కొనసాగాలంటే హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చి చూసి, బాగుందనాలి. ఆయన పెదవి విరిస్తే యంత్రం లారీ ఎక్కుతుంది, ఇక రోజూ డ్రమ్మే వెలుగుతుంది. ఈ విషయంలో నాకంటే ఆత్రం పప్పు ఒలిచేవాళ్ళలో పెద్దావిడకి. అందరిలాగే నేనూ ఆమెని పిన్నీ అనేవాణ్ణి. యంత్రం నడిచే రోజుల్లో ఆమెకి దగ్గు తగ్గేది.

"నిన్న ఇంటికెల్లి తల రుద్దుకోకండానే అన్నం తిన్నాను బాబూ. పొగ కంపు నేదు," అని ఒకసారి చెప్పింది. నాకు మెచ్చుకోలు పిచ్చి ఉంది. ఆ మాటని చాలాకాలం జేబులో పెట్టుకు తిరిగాను.

పెద్దాయన వచ్చే ముందు రోజు ఒకే తోట పిక్కల్ని సగం డ్రమ్ములో కాల్పించి, సగం ఆవిరిలో ఉడికించాను. ఒలిచాక గుండూ ముక్కా కలిసే ఆరు పళ్ళేల్లో పోయించి, తూచి, బరువులు నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆవిరివి మూడు పళ్ళేలు. వాటికి గుర్తుగా ఎర్రదారం కట్టాను. పెద్దాయన ఎదుటే ముక్కలు ఏరించి తేడా చూపించాలని నా ఎత్తు. మర్నాడు పొద్దున్న ఆయన కోసం స్టేషనుకి బయల్దేరుతూ, "పిన్నీ, ఇవి పెద్దలు చూసేవి, జాగ్రత్త," అన్నాను. ముట్టుకోవద్దు అని చెప్పాల్సింది. అంత తెలివి నాకెక్కడిది!

ఆయన్ని వెంటబెట్టుకొచ్చి పళ్ళేల మీద గుడ్డ తీశాను. ఆరింటిలోనూ ఒక్క ముక్క లేదు. అన్నీ గుండే.

యజమాని వంగి చూశాడు. "డ్రమ్ముదీ అంతే, ఆవిరిదీ అంతే. మరి ఈ గొట్టాలన్నీ ఎందుకు మాస్టారూ?"

"పిన్నీ! ఏం చేశావు?" అని అరిచాను. నా కోపం ఎప్పుడూ ముందు పుట్టి, ఆలోచన తర్వాత పుడుతుంది.

"ఏటి బాబూ అలగ అరుత్తావు? పైనుంచి పెద్దోలు వొచ్చి సూత్తారంటే ముక్కలు సూపిత్తామేటి? పరువు పోదా? కూకోని ఏరీసినాం."

ఆమె తప్పేం లేదు. పలాసలో ఏ బట్టీకి కొత్తమనిషి వచ్చినా ముక్క కంటబడనివ్వరు. పక్కనే నందిగాంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ సంగతి నాకే తట్టి ఉండాలి. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. అబద్ధం అల్లే ఓపిక లేక జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"మరి ఆ ముక్కలు పారేశారా అమ్మా?" అని ఆయన అడిగారు.

"పారీడమేటి బాబూ! పారేత్తే తినీసినామనరా?" అంటూ పిన్ని ఒక పళ్ళెం ఎత్తింది. దాని కింద చిన్న గుడ్డమూట. ఆరు పళ్ళేల కిందా ఆరు మూటలు.

అక్కడి పద్ధతే అది. ఎవరి పళ్ళెంలో ముక్కలు వాళ్ళు మూటకట్టి, పని చూసే మేస్త్రీ వచ్చి విప్పి చూసేదాకా ఆ పళ్ళెం కిందే ఉంచాలి. లేకపోతే తిన్నావనో కొంగున కట్టావనో మాట పడాలి. ఏడాదిగా రోజూ ఆ మూటల్ని చూస్తూ కూడా నేను పట్టించుకోలేదు.

విప్పకముందే తేడా తెలిసిపోయింది. డ్రమ్ము పళ్ళేల మూటలు బత్తాయంత ఉన్నాయి, ఎర్రదారం పళ్ళేలవి నిమ్మకాయంత. ముక్కల్ని ఏ పళ్ళేనివి ఆ పళ్ళెంలో పోసి తూచాం. మొదటిది నా పుస్తకంలో రాసిన బరువుతో సరిపోయింది. రెండోదీ సరిపోయింది. అంటే ఒక్క ముక్క పోలేదు, ఒక పళ్ళెంలోది ఇంకోదాంట్లో కలవలేదు. ఆరోది కూడా సరిపోయాక నేను అక్కడే ఒక బస్తా మీద కూలబడ్డాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ముక్కలు ఎలా కొలిచారో రిపోర్టులో రాయండి, ఈ మూటలతో సహా," అని పెద్దాయన రెండో ఏడాదికి సంతకం పెట్టారు. యజమాని నిమ్మకాయంత మూటని అరచేతిలో ఎగరేస్తూ, "అయితే డ్రమ్ముని తీయించీవొచ్చన్నమాట," అని పైకే అనుకున్నాడు.

అందరూ వెళ్ళాక పిన్ని దగ్గరికి వెళ్ళి, అరిచినందుకు తప్పయిపోయిందన్నాను. ఆమె ఖాళీ గుడ్డలు దులిపి మడతపెడుతోంది.

"తినీసినామంటారని బయంతో కట్టుకున్న మూటలు బాబూ ఇయ్యి. ఇన్నేల్లకి మమ్మల్ని కాదు, డ్రమ్ముని పట్టించినాయి," అంది.

మేస్త్రీ మూటలు విప్పి చూడడం ఆ తర్వాతా మానలేదు. డ్రమ్ము మాత్రం మళ్ళీ వెలగలేదు.