కాశీబుగ్గ కంప్యూటర్‌కు పట్టిన రోగం

ఇప్పుడంటే ఫోను చేతిలో ఉన్న ప్రతివాడూ సగం ఇంజనీరే గానీ, మా కుర్రతనంలో కంప్యూటర్ ఆన్ చేసి ఆఫ్ చెయ్యగలిగినవాణ్ణి ఊరు వేరే కళ్ళతో చూసేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఉద్దానంలో ఆ వైభవం అనుభవించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. టెక్కలిలో తెలుగు టైపు పరీక్ష పాసై, పలాసలో కంప్యూటర్ కోర్సు కూడా చేశాను (అందులో సగం రోజులు కరెంటు లేదు). మా అమ్మ జీడితోటలో పిక్కలేరే ఆడవాళ్ళందరికీ "మావోడు కంప్యూటర్ ఇంజినీరు" అని చెప్పేసింది. నేను కాదనలేదు. కాదని ఉంటే ఈ కథే లేదు.

మా అమ్మ తమ్ముడు, అంటే మా చిన్నమావ, కొబ్బరికాయల వ్యాపారం మానేసి కాశీబుగ్గలో డీటీపీ సెంటర్ పెట్టాడు. పెళ్ళికార్డులు, కరపత్రాలు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు అక్కడ తయారవుతాయి. నన్ను పిలిచి కుర్చీ చూపించి, "అల్లుడూ, నాకు దీని గురించి ఏటీ తెల్దు. నువ్వు సదూకున్నోడివి, నువ్వే సూసుకో" అన్నాడు. మావకి ఏమీ తెలియదన్న ఆ మాటను నేను అక్షరాలా నమ్మాను. అంత గట్టిగా నమ్మకుండా ఉండాల్సింది.

పేచీ కీబోర్డు దగ్గర వచ్చింది. తెలుగు కీబోర్డు ఒక్కటి కాదు. ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో చెప్పే లేఅవుట్లు రకరకాలుగా ఉంటాయి. నా వేళ్ళకు తెలిసింది పాత టైపు మిషను లేఅవుట్ ఒక్కటే. కంప్యూటర్ అమ్మినవాళ్ళు ఇంకేదో పెట్టి వెళ్ళారు. నేను మెనూలోకి వెళ్ళి నాది పెట్టుకున్నాను, హాయిగా కొట్టుకున్నాను, సాయంత్రం ఊరి బస్సెక్కాను. మర్నాడు వచ్చి ఆన్ చేసి, టైపు మాస్టారు నేర్పినట్టు తెర వంక చూడకుండా అరపేజీ కొట్టి తలెత్తితే, అది ఏ భాషో నాకే అర్థం కాలేదు. లేఅవుట్ మళ్ళీ అమ్మినవాళ్ళు పెట్టినదానికి వెళ్ళిపోయింది. సరిచేశాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

నిజానికి మార్చుకోవడానికి ఒక్క నిమిషం చాలు. రోజూ ఒక్క నిమిషం పెట్టి పని చూసుకునేవాణ్ణయితే నా పరువు ఈనాటికీ నిలిచి ఉండేది. కానీ ఇంజినీరు అనిపించుకున్నాక రోగం కనిపెట్టకుండా ఊరుకుంటే ఎలా? మొదట, లోపలుండే బిళ్ళ బ్యాటరీ అయిపోయిందన్నాను. కొత్తది వేశాం. మారలేదు. తరవాత దుమ్మన్నాను. ఆ రోజు నుంచి వచ్చినవాళ్ళందరూ చెప్పులు గుమ్మంలో విప్పి రావలసివచ్చింది. చివరికి గొంతు తగ్గించి, "మావా, ఇది వైరస్సు" అన్నాను.

మావ మొహం పాలిపోయింది. "అంటే జొరం లాటిదేటి?"

"అంతకంటే మొండిది."

"ఎలగొత్తాది?"

"తెలియనివాళ్ళు ముట్టుకుంటే వస్తుంది" అన్నాను. (ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

అప్పుడే బారువ నుంచి పెద్ద బేరం వచ్చింది. పడవలున్న ఆసామి కూతురి పెళ్ళి. కార్డులు నచ్చితే తీరం పొడుగునా పెళ్ళిళ్ళన్నీ మన కొట్టుకే వస్తాయని, ఇది చెయ్యి జారితే మళ్ళీ కొబ్బరికాయలు లెక్కబెట్టుకోవడమేనని మావ ఆశగా, భయంగా చెప్పాడు. వాళ్ళలో మొదటి కార్డు చుట్టాలకి ఇవ్వరు. పసుపు రాసి ఒడ్డున గంగమ్మ ముందు పెట్టాకే తక్కినవి పంచుతారు. శుక్రవారం పొద్దున్న ఆ కార్డు కావాలి. ఈ సమయంలో బుద్ధున్నవాడెవడైనా కూర్చుని కార్డు కొడతాడు. నేను వైద్యం మొదలుపెట్టాను. విండోస్ మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించాను. అప్పటిదాకా లేని రోగం అప్పుడు నిజంగానే వచ్చింది. తెలుగు ఫాంట్లు మాయమయ్యాయి.

ఇక సీపీయూను దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, రైల్లో బరంపురం బయలుదేరాను. పక్కన కూర్చున్న మామ్మ దుప్పటి తడిమి, "బావూ, పాపకి ఒంట్లో బాలేదేటి?" అంది. అక్కడి మెకానిక్ ఫాంట్లు ఎక్కించి, అటూ ఇటూ నొక్కి చూసి, ఇందులో ఏ వైరస్సూ లేదన్నాడు. వాడికి అనుభవం చాలదని తీర్మానించుకుని, గురువారం సాయంత్రానికి తిరిగొచ్చి, లేఅవుట్ నాది పెట్టి, రేపు పొద్దున్నే కొట్టేస్తానని మావకు మాటిచ్చి ఇంటికెళ్ళాను.

శుక్రవారం మొదటి బస్సుకే దిగాను. అంత పొద్దున నేనెప్పుడూ కొట్టుకు రాలేదు. గుమ్మంలో అగరొత్తుల వాసన. బారువ ఆసామి నాకంటే ముందే వచ్చి, స్టూలు మీద చేతులు జోడించుకుని కూర్చున్నాడు. కంప్యూటర్ ముందు, తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని, చెప్పులు లేకుండా మా మావ! మౌస్ పట్టుకుని మెనూలోకి వెళ్ళాడు, నా లేఅవుట్ తీసేసి అమ్మినవాళ్ళది పెట్టాడు, ఒంటివేలితో ఒక్కో మీటా వెతికి నొక్కుతున్నాడు.

"మావా! ముట్టుకోకు!" అని అరిచాను.

మావ తొణకలేదు. ఆఖరి అక్షరం నొక్కి దణ్ణం పెట్టుకున్నాక ఇటు తిరిగాడు. తెరమీద 'శ్రీ ఎండల మల్లికార్జునాయ నమః' అని మా వైపు శివుడి పేరు ఉంది, రెండుసార్లు.

"ఇది నువ్వు రోజూ కొడుతున్నావా?" అన్నాను.

"కొట్టకుండా బోణీ ఎలగ సేత్తాం? మిషను పెట్టినోడు నేర్పినాడు. ముందు అది నొక్కాల, తరవాత ఇది మార్చాల, తరవాత సామి పేరు. నాకొచ్చింది ఇదొక్కటే."

"మరి తర్వాత ఏం చేస్తావు?"

"దాసీమంటావా అని అడుగుద్ది. సామి పేరు దాసీడమేటని వొద్దంతాను. కరెంటు దండగని ఆపీసి, టీకెల్తాను. నువ్వప్పుడొత్తావు."

"రెండుసార్లు ఎందుకుంది?"

"నువ్వు వైరస్సన్నావు గదా" అన్నాడు మావ, అమాయకంగా. "అది పోవాలని అప్పట్నించీ రెండేసి సార్లు కొడతన్నాను."

నేను కుర్చీ వెనక్కి నక్కాను. బారువ ఆసామి నా వంకా మావ వంకా చూసి, కడుపు పట్టుకుని నవ్వి, మావతో, "అయితే ఆ వైరస్సు నువ్వేనేటి బావా!" అన్నాడు. (బావ అనడానికి మా వైపు చుట్టరికం అక్కర్లేదు.)

"ఒక్కమాట నన్నడిగితే సెప్పీవోణ్ణే, అల్లుడూ" అన్నాడు మావ. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఒక్క నిమిషంలో లేఅవుట్ మార్చి, తలెత్తకుండా కార్డు కొట్టి ప్రింటు తీశాను. మావ నాలుగు మూలలా పసుపు రాశాడు. ఆసామి దాన్ని తువ్వాల్లో చుట్టుకుని గంగమ్మ దగ్గరికి వెళ్ళాడు. కార్డుతోపాటు కథ కూడా మోసుకెళ్ళాడని తరవాత తెలిసింది. ఆ ఏడు తీరం నుంచి వచ్చిన ప్రతి పెళ్ళివారూ గుమ్మంలో ఆగి, "వైరస్సు బావ ఉన్నాడేటి?" అని అడిగి మరీ లోపలికి వచ్చారు. బేరాలు దక్కాయి. నా మొహం పెట్టుకోవడానికే చోటు లేకపోయింది.

అయినా అసలు సిగ్గు అది కాదు. శనివారం నేను వచ్చేసరికి కంప్యూటర్‌లో నా లేఅవుట్టే ఉంది. మావ దూరంగా గోడ దగ్గర నిలబడి దానికి దణ్ణం పెడుతున్నాడు. "తెలీనోళ్ళు ముట్టుకుంటేనే వత్తాదన్నావు గదా. మనసులో సెప్పుకున్నాన్లే" అన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ తరవాత మావ ఉన్నన్నాళ్ళూ, ఆయన సామి పేరు కొట్టుకోవడం, నేను వచ్చి నిమిషంలో మార్చుకోవడం.

మావ పోయాక కొట్టు నాదయింది. ఈమధ్య సంతబొమ్మాళి నుంచి వచ్చే ఒకమ్మాయిని పనిలో పెట్టుకున్నాను. చేరిన మర్నాడే నా దగ్గరికొచ్చి, "సార్, నిన్న నేను పెట్టిన లేఅవుట్ మారిపోయింది. పొద్దున్న మీరేటైనా కొట్టినారా?" అని అడిగింది.

నేను అడగలేకపోయిన మాట ఆ పిల్ల రెండో రోజే అడిగేసింది. "సామి పేరు కొట్టానమ్మా" అన్నాను. "ఒక్కసారే."