పొట్టేలు ఒళ్లు విదిలించలేదు

సోమందేపల్లి దగ్గర మా ఊళ్లో మొక్కుబడి పొట్టేలు మీద పసుపునీళ్లు పోసి ఎదురుచూస్తారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అప్పుడే కత్తి. నిరుడు మా ఇంటి పొట్టేలు విదిలించలేదు. బిందెడు నీళ్లు పోసినా తల వేలాడేసి నిలబడింది.

జనం కళ్లన్నీ నా చెల్లెలి మీద పడ్డాయి. హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో పని ఆమెకు. షిఫ్టు దిగి, బస్టాండులో ఇడ్లీ తిని వచ్చింది.

"ఒక్కపొద్దు తప్పితివి కదే, ఇంగ అమ్మోరు యాడ ఒప్పుకుంటాది?" అంది మా అవ్వ.

"ఇడ్లీ తినింది నేనవ్వా, పొట్టేలు గాదు."

ఎవరూ నవ్వలేదు. ఇక ఇంట్లో ఏ బిడ్డకు జ్వరమొచ్చినా తప్పు ఆ ఇడ్లీదే అంటారు. చెల్లెలు తల దించుకుంది.

నేను ఆగలేకపోయాను. పొట్టేలు ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టాను. కదలిక లేదు. నొక్కితే లోపల నీళ్లు గలగలమన్నాయి. నెమరు వేసిందా అంటే ఎవరికీ తెలీదు. ఏం పెట్టారంటే అందరికీ తెలుసు. దేవుడి పొట్టేలని ఇంటింటా తెల్లన్నం, పాయసం.

"గొర్రె కడుపు మన కడుపు కాదు," అని గొంతు పెంచాను. "మొదటి అర పెద్ద తొట్టి. కంటికి కనపడని క్రిములు అందులో గడ్డిని పులియబెడతాయి. నెమరు వేసేకొద్దీ ఊరే లాలాజలం ఆ పులుపును విరుస్తుంది. అంత అన్నం పడితే తొట్టంతా ఒక్కసారిగా పులిసి, ఆ క్రిములే చస్తాయి. దీనికి జబ్బు తెచ్చింది అమ్మవారు కాదు, మీ భక్తి!"

"అన్నం తిని ఎవరన్నా సస్తారా అబ్బీ? నీ సదువుకు దండం," అంది అవ్వ.

నేను పిలిపిస్తే పెనుకొండ నుంచి వచ్చిన పశువుల డాక్టరు సోడా ఉప్పు నీళ్లు తాగించి, ఎండుగడ్డి తప్ప ఏమీ పెట్టొద్దన్నాడు. ఆ డొక్క మీద చెవి పెట్టి ఎన్నిసార్లు విన్నానో. అది కోలుకుంటే నా మాట గెలుస్తుంది, చెల్లెలు బయటపడుతుంది. కోలుకుంటే పొట్టేలు కత్తి కిందికీ పోతుంది. ఏ వాదంలోనూ నాకు ఇంత స్థిమితం తప్పలేదు.

మంగళవారానికి నెమరు మొదలై దవడ ఆడింది. మళ్లీ గుడి ముందుకు తోలుకుపోయారు. చన్నీళ్లు పడగానే తల నుంచి తోక దాకా విదిలించింది.

"ఒప్పుకునింది!" ఊరంతా కేక. అవ్వ చెల్లెల్ని దగ్గరికి లాక్కుని నొసట బొట్టు పెట్టింది.

చన్నీళ్లు పడితే ఆరోగ్యంగా ఉన్న ఏ గొర్రె అయినా విదిలిస్తుంది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. చెల్లెలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంగ చాలన్నా. ఇడిసిపెట్టు."

ఇప్పుడు ఆమె తల ఎత్తే ఉంది. నేను నోరు మూసుకున్నాను. ఎదురుగా పొట్టేలు దవడ ఇంకా ఆడుతోంది.