ఇంజినీరమ్మకు నేనమ్మిన ల్యాప్‌టాప్

మా ఊళ్లో ల్యాప్‌టాప్ కొనడానికి వచ్చే మనిషి ముందుగా అడిగేది ఒకటే, ఛార్జింగ్ ఎంతసేపు నిలుస్తుందని. ఎంత వేగంగా పనిచేస్తుందని అడిగినవాళ్లను ఈ ఇరవై రెండేళ్లలో ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మాది లెబనాన్ ఉత్తరాన ఉన్న ట్రిపోలీ. సర్కారు కరెంటు ఎప్పుడొస్తుందో సర్కారుకే తెలియదు. వీధికొక జనరేటర్ ఆసామి ఉంటాడు, అతను తీగ లాగి ఇచ్చిన ఐదు ఆంపియర్లలోనే సంసారం ఈడ్చాలి. అందుకే నేను పాతికమందిలో ఇరవై నలుగురికి బ్యాటరీ ఎక్కువ నిలిచేదే అంటగడతాను. సిహామ్ దబ్బూసీకి కూడా అదే అంటగట్టాను. ఆ సంగతి దాచిపెట్టి ఆమె గురించి చెప్పడం నాకు చేతకాదు.

సిహామ్ కట్టడాల ఇంజినీరు. నలభై ఆరేళ్ల మనిషి. నా భుజం దాకా వస్తుంది, గొంతు మాత్రం మూడో అంతస్తు దాకా వినిపిస్తుంది. మా ఊళ్లో బీటలు తీసిన పాత భవనాలకు కొదవ లేదు. గోడ పగిలితే వైద్యుణ్ణి పిలిచినట్టు జనం ఆమెను పిలుస్తారు. భుజాన సంచి, సంచిలో టార్చి, మట్టపు గుండు, సుద్దముక్కలు, చిన్న సుత్తి. స్తంభాన్ని సుత్తి పిడితో తట్టి చెవి ఆనించి వింటుంది. ఇచ్చుకున్నవాళ్లు రుసుం ఇస్తారు, లేనివాళ్లు ఊరగాయ వంకాయల సీసా చేతిలో పెడతారు. ఆ సీసాల్లో ఒకటి రెండు నాకూ వచ్చేవి. మోకాళ్లు అరిగిపోయినా మేడ మీదికి ఎక్కి చూడకుండా ఏ కాగితం మీదా ముద్ర వేయనని ఆమెకు పట్టుదల. ఆ ముద్రకు ఊళ్లో విలువుండేది.

ఆమె పాత ల్యాప్‌టాప్ మూడు కిలోలుండేది. దాన్ని మోసి మోసి కుడి భుజం పడిపోయింది. రెండు చలికాలాలు కూడబెట్టుకుని, పోయిన సెప్టెంబరులో నా కొట్టుకు వచ్చి, తేలికగా ఉండాలి, ఈసారి మంచిదే కొంటాను అంది.

బల్ల మీద రెండు పెట్టాను. రెండూ సన్నగా, అందంగా, కిలో చిల్లర బరువు. మొదటిదాంట్లో చిప్ గట్టిది. ఆమె భవనం లెక్క మొత్తాన్ని యాభై నిమిషాల్లో తేల్చేస్తుంది, కానీ అంత పని చేస్తుంటే రెండు గంటల్లోపే ఛార్జింగ్ ఖాళీ, ఫ్యాను మోత ఒకటి. రెండోది పొద్దున ఛార్జింగ్ పెడితే రాత్రి దాకా నిలుస్తుంది. అదే లెక్కకు మాత్రం ఐదు గంటలు తీసుకుంటుంది, ప్లగ్ తీసేస్తే ఇంకా నీరసపడుతుంది.

ఆమె మొదటిదాన్నే తిప్పి తిప్పి చూసింది. లెక్క సగంలో ఆపకూడదు బద్రీ అన్నా, నాకు వేగమే కావాలేమో అంది. నేను నవ్వాను. రెండు గంటల్లో చచ్చిపోయే గుర్రం ఎంత పరిగెడితే ఏం లాభం అన్నాను. నీ భవనాల్లో ప్లగ్ ఎక్కడుంది, ఉన్నా కరెంటు ఎక్కడుంది అన్నాను. ఆమె తర్కానికి లొంగే మనిషి. రెండోదే తీసుకుంది. మొదటిది అమ్ముడుపోక నా అద్దాల బీరువాలోనే ఉండిపోయింది.

నవంబరు చివర్లో కుబ్బా పేట నుంచి ఆమెకు కబురొచ్చింది. ఐదంతస్తుల భవనం, ఏడు కుటుంబాలు, వెనకవైపు స్తంభం మొదట్లో చెయ్యి పట్టేంత బీట. ఇంజినీరు కాగితం లేకపోతే ఖాళీ చేయిస్తారని పుకారు లేచింది. వానలు పడే ఈ చలికాలంలో పిల్లాజెల్లాతో ఎక్కడికి పోతామని వాళ్లు ఆమె వెంటపడ్డారు. ఆ సాయంత్రానికే కాగితం కావాలన్నారు.

ఆ రోజు ఏం జరిగిందో తర్వాత ఆమే పూసగుచ్చినట్టు చెప్పింది. పొద్దుటి నుంచీ ఒక్కో అంతస్తూ కొలిచి ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తూ పోయింది. ముందు రాత్రి కరెంటు రాక ఛార్జింగ్ సగమే ఎక్కింది, మేడ మీదికి చేరేసరికి పన్నెండు శాతం మిగిలింది. పై అంతస్తులో ఫాయిజ్ అనే దర్జీ ఉంటాడు. బడి పిల్లల యూనిఫాంలు కుడతాడు. ఐదు మిషన్లు, రెండు ఇస్త్రీపెట్టెలు. జనరేటర్ ఆసామితో తగువుపడి వైరు పీకించేసి, మేడ మీద సోలార్ పలకలు, వాటి కింద బ్యాటరీలు పెట్టుకున్నాడు. ఇంజినీరమ్మ అవస్థ చూసి స్టూలు వేసి, కాఫీ పోసి, ప్లగ్ చూపించాడు. మబ్బు పట్టిన రోజు. మిషన్లకే బ్యాటరీలు అడుగంటి, ఛార్జింగ్ నత్తనడక నడుస్తోంది.

భవనం లెక్క మొత్తం వేయాలంటే ఐదారు గంటలు. అందుకని పొదుపు మోడ్‌లో పెట్టి చిన్న లెక్క వేసింది. కింది అంతస్తులు తాను కొలిచినట్టే పెట్టింది, మేడను మాత్రం పాత ప్లానులో ఉన్నట్టు వదిలేసింది. ప్లాను గీసిన కాలానికి ఆ మేడ మీద బట్టలారేసే తీగ తప్ప ఇంకేం లేదు. గంటంపావులో జవాబు వచ్చింది. చలికాలం దాటుతుంది, వసంతంలో స్తంభం బాగు చేయించండి అని రాసి ముద్ర వేసింది. కాగితం చేతికి రాగానే ఆడవాళ్లు సంతోషంతో కేకలు పెట్టారట. దానికి అద్దం కట్టించి మెట్ల మొదట్లో మేకుకు తగిలించారు.

రెండు వారాలకు, గురువారం పొద్దున్నే, తడిసి ముద్దయి నా కొట్టుకొచ్చింది. మూడు రోజులుగా ఎడతెగని వాన. నిద్ర పట్టడం లేదు బద్రీ అన్నా, ఆ లెక్క మళ్లీ వేయాలి, నీ బీరువాలో ఉన్నదాన్ని ప్లగ్‌లో పెట్టి ఇవ్వు అంది. ఫైలు దాంట్లోకి ఎక్కించి ఇచ్చాను. ఈసారి మేడను కూడా పెడతానని, ఆ రోజు ఫోనులో తీసుకున్న ఫోటోలు ఒక్కొక్కటే తెరిచి, కనిపించినవన్నీ నమోదు చేయసాగింది. నీళ్ల ట్యాంకులు నాలుగు. పలకలు, అవి ఎగిరిపోకుండా పెట్టిన సిమెంటు దిమ్మలు. ఆ తర్వాత ఫోటోలో ఫాయిజ్ కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతున్నాడు. అతని వెనక రెండు వరసల్లో బ్యాటరీలు.

వేలితో ఫోటో పెద్దది చేసి లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. ఒక్కోటి ఎంత బరువుంటుందని నన్ను అడిగింది. అలాంటివి నేనూ అమ్మేవాణ్ణే. అరవై కిలోలు అన్నాను. అవి పేర్చిన మూల సరిగ్గా ఆ బీట తీసిన స్తంభం మీద ఉంది.

"వాటి పక్కనే కూర్చున్నాను అన్నా. నా ఛార్జర్ వైరు వాటిలోకే ఉంది. నా కంటికి అవి కరెంటులా కనపడ్డాయి. బరువులా కనపడలేదు."

ఈ ఊళ్లో ఎవరికి మాత్రం బరువులా కనపడతాయి? పక్కింటి మేడ మీద బ్యాటరీలు చూస్తే మాకు అసూయ పుడుతుంది కానీ భయం పుట్టదు. యాభై నిమిషాలు ఫ్యాను రొదపెట్టింది. తెర మీద ఆ స్తంభం మొదలు నుంచి చివరి దాకా ఎర్రగా వచ్చింది, అంత బరువు మోయలేదని. ఆమె బల్ల అంచు పట్టుకుని లేచింది. నేను కొట్టు మూసి ఆమె వెంట నడిచాను.

కుబ్బాలో నాలుగో అంతస్తు ఉమ్ రబీ తలుపు తీసింది. భర్త పోయిన మనిషి, భవనంలో అందరికీ పెద్దదిక్కు. సిహామ్ దాపరికం లేకుండా చెప్పింది, నా లెక్క తప్పు, ఇవాళే ఖాళీ చేయండి అని. ఉమ్ రబీ మమ్మల్ని మెట్ల మొదట్లోకి తీసుకెళ్లి అద్దం చూపించింది.

"ఈ ముద్ర నీదే కదా తల్లీ? ఈ ముద్రను చూసే కదా మేం నిద్రపోతున్నది. ఇప్పుడు వానలో నిలబెట్టి కాదంటే ఎట్లా? ఇంటి యజమాని గానీ నీకేమైనా చెప్పాడా, మమ్మల్ని ఖాళీ చేయించమని?"

సిహామ్ ఆ అద్దాన్ని మేకు నుంచి తీసి నేలకేసి కొట్టింది. దాంతో పని ఇంకా చెడింది. యజమాని కొనేశాడు ఇంజినీరమ్మను అని మెట్ల మీద గుసగుస. పై నుంచి ఫాయిజ్ తొంగిచూసి, నువ్వు చెప్పింది నమ్మాలా రాసింది నమ్మాలా అని అడిగి లోపలికి పోయాడు. అధికారులకు ఫోన్లు చేశాం. రేపు చూద్దామన్నారు. గోడ లోపల నుంచి సన్నగా, ఎండిన రొట్టె విరిచినట్టు చప్పుడు. నేను విన్నాను. సిహామ్ నా మొహం చూసింది. నా జన్మలో అంత భయం ఎప్పుడూ పడలేదు.

అప్పుడు నాకు అబూ నిజామ్ గుర్తొచ్చాడు. ఆ పేట జనరేటర్ ఆసామి, బడిలో నా పక్క బెంచీవాడు. ఊరంతా తిట్టే మనిషి. అతని ఇంటికి వెళ్లి ఆ భవనం వైరు తీసెయ్యమని అడిగాం. కరెంటు లేకపోతే నీళ్ల మోటారు తిరగదు, ఫోను బతకదు, పిల్లలకు టీవీ ఉండదు. మా ఊళ్లో ఇల్లు బీటలిస్తే మనిషి కదలడు కానీ, వైరు తెగితే చుట్టాలింటికి నడుస్తాడు.

అతను నోట్లో ఉన్న బీన్సు మింగి మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"ఒరేయ్ బద్రీ, కరెంటు తీస్తే నన్ను తిట్టేవాళ్లే కానీ, తియ్యరా బాబూ అని బతిమాలినవాణ్ణి ఇవాళే చూస్తున్నా. ఎన్ని రోజులు తియ్యమంటావు?"

"వాళ్లందరూ దిగిపోయే దాకా," అంది సిహామ్.

మంచి పనికి కూడా తిట్లే రాసిపెట్టి ఉన్నాయి నాకు అని అతను గొణుగుతూ లేచి వెళ్లి మీట దించాడు. చీకటి పడేలోపు ఆరు కుటుంబాలు పరుపులు, ఛార్జర్లు, కుండలు పట్టుకుని అబూ నిజామ్ వంశాన్నంతా దుమ్మెత్తిపోస్తూ దిగిపోయాయి. ఉమ్ రబీ ఆఖర్న దిగింది. సిహామ్ వీధి అవతల పందిరి కింద నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. పై అంతస్తులో మాత్రం దీపం వెలుగుతూనే ఉంది. ఫాయిజ్‌కు అబూ నిజామ్ మీటతో పనిలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు సిహామ్ మళ్లీ పైకెక్కింది. నన్ను రానివ్వలేదు. బరువు తక్కువున్నవాళ్లే ఎక్కాలి అంది. నేను వీధిలో నిలబడి మెట్ల కిటికీల్లో ఆమె తల ఒక్కో అంతస్తులో కనిపించడం చూస్తూ ఉన్నాను. మధ్యాహ్నం నమాజు అయ్యాక నలుగురు కూలీలు వస్తారని, బ్యాటరీలు దింపించేస్తానని ఫాయిజ్ అన్నాడట. దానికంటే ముందు నువ్వు దిగు అన్నా అని ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అతనికి కోపం రాలేదు, నవ్వాడు.

"ఆ రోజు నీ ల్యాప్‌టాప్‌కి పెట్టుకున్నప్పుడు ఇవి బరువు కాలేదే, ఇంజినీరమ్మా. ఆదివారం బడివాళ్లొస్తారు. పన్నెండు కాలర్లు మిగిలాయి. అవి కుట్టి దిగుతా, నువ్వు పద."

ఆ మాటకు ఆమె దగ్గర జవాబు లేకపోయింది. జవాబు లేకపోవడమే తాను చేసిన రెండో తప్పని ఇప్పటికీ అంటుంది. నన్నూ అబూ నిజామ్‌నూ పిలిచి, ముగ్గురం కలిసి అతన్ని ఎత్తుకుని దింపేద్దామని కిందికి వచ్చింది. వీధి దాటి నాతో సగం మాట చెప్పింది. మిషను చప్పుడు నేనింకా వింటూనే ఉన్నాను. వెనకవైపు స్తంభం లోపలికి కూర్చుంది. ఐదంతస్తులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దుమ్ము తగ్గేసరికి వానలో తడుస్తూ మేమిద్దరం, మా కాళ్ల దగ్గర ఎగిరిపడ్డ సోలార్ పలక ఒకటి.

ఫాయిజ్ శవాన్ని మర్నాడు తీశారు.

ఆ పేట వాళ్లు ఆ వారమంతా సిహామ్ ఇంటికి వస్తూనే ఉన్నారు. ఉమ్ రబీ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆరు కుటుంబాల ప్రాణం పోశావు తల్లీ అని దీవించింది. ఇంటి నిండా తీపి పళ్లేలు. సిహామ్ ఒక్కటి కూడా ముట్టలేదు. అందరూ వెళ్లాక ఆ పళ్లేలన్నీ ఫాయిజ్ చెల్లెలి ఇంటికి మోసుకెళ్లి గుమ్మంలో పెట్టింది. వాళ్లు తలుపు తియ్యలేదు.

విచారణ మొదలైంది. అద్దం పగిలిపోయింది, కాగితం శిథిలాల్లో పోయింది. మిగిలిన సాక్ష్యం ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్న మొదటి లెక్క ఒక్కటే, తేదీతో, టైముతో, మేడ దగ్గర ఖాళీగా. దాన్ని ఉన్నది ఉన్నట్టు పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇవ్వమని నా దగ్గరికి తెచ్చింది. మనిషి సగమైపోయింది. నేను తలుపు దగ్గరికేసి వచ్చి కూర్చున్నాను.

"డిస్కు కాలిపోయిందని రాసిస్తా, సిహామ్. కరెంటు ఎక్కువ తక్కువలకు ఈ ఊళ్లో రోజుకు పది కాలిపోతాయి, ఎవడు కాదంటాడు? నేను అంటగట్టిన వస్తువు, నా మీదే వేసుకుంటా. నా కొట్టు ముద్ర వేసి ఇస్తా."

ఆమె ఆ ల్యాప్‌టాప్ మూత మీద అరచెయ్యి పెట్టింది. నా మాటకు ఆశపడింది, ఆ సంగతి నేను చెప్పి తీరాలి. కళ్లలో కనిపించింది. తర్వాత దాన్ని నా వైపు జరిపింది.

"ఒక దొంగ ముద్ర చాలు, బద్రీ అన్నా. ఫైలు ఎక్కించు."

ఎక్కించాను.